ఇసుకరాతి మీద పేరు

"నాన్నా, చూసి నడువు. అంచు రాలుతోంది," అంది ఐలీ.

రేనో వినలేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఈ ఇసుకరాయి గోటితో గీకినా రాలుతుంది. సరస్సులో మునిగిపోయిన కొడుకు పేరును అతను ఏటా వచ్చి మేకుతో లోతుగా గీసేవాడు. మోకాలి ఆపరేషన్ వల్ల రెండేళ్లు రాలేకపోయాడు. ఈపాటికి మంచు దాన్ని తుడిచేసి ఉంటుందని దారంతా గొణుగుతూనే ఉన్నాడు.

'ఆర్వో' అన్న పేరు నిన్న చెక్కినట్టుంది.

"నువ్వొచ్చి గీశావా?" అన్నాడు.

"ఈ దారి తొక్కడం నాకిదే మొదలు."

రేనో అక్షరాలు తడిమాడు. గీతలన్నీ ఎడమ పక్కకే వాలాయి. ఎవరిదో ఎడంచేతి వాటం.

"డేల్‌ది ఎడంచెయ్యేగా," అంది ఐలీ మెల్లగా. "ఆర్వో మునిగిన రోజు పడవ నడిపింది వాడే..."

"వాడి పేరెత్తొద్దన్నానా?"

"ఎత్తనులే. అంత్యక్రియలకొస్తే గుమ్మంలోంచే తరిమేశావు. ఇక్కడికొచ్చి ఏడుస్తున్నాడు కాబోలు."

రేనో జేబులోంచి మేకు తీశాడు. పేరు మీద అడ్డంగా గీసేస్తాడేమోనని ఐలీ చెయ్యి పట్టుకోబోయింది.

అతను మేకును పేరు కింద ఉన్న పగులులో దోపాడు.

"వచ్చే ఏడు ఈ మోకాలు నన్నింత దూరం రానివ్వదు," అన్నాడు. "ఆ వెధవ మొండి మేకుతో గీస్తున్నట్టున్నాడు."