ఒండ్రు కడిగిన మనిషి

"ఆ పెంకు ముట్టుకోకండి!"

మ్యూజియం మేడమ్ కేకకు ముసలాయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కడగడానికి మనుషులు కావాలని బోర్డు పెట్టారు కదమ్మా. ఊరికే చేసిపెడతాను."

వరద వచ్చి ఆర్నెల్లయింది. వేల ఏళ్ల నాటి పట్నాన్ని తవ్వి తీసిన కుండలు, ముద్రలు మళ్లీ ఒండ్రులో కలిసిపోయాయి. వాటికోసం, ఊళ్లో జనం ఎక్కిన గుట్ట మీది నుంచి వెనక్కి పరుగెత్తిన ఆమె తమ్ముడు స్టోర్ రూంలోనే ఉండిపోయాడు.

ఎగువన డ్యాం గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేశారు. ఎత్తినవాడు దొరికితే నలుగురిలో నిలబెట్టి కడిగేస్తానని తమ్ముడి ఫోటో మీద ఆమె ఒట్టు పెట్టుకుంది.

ముసలాయన రోజూ వచ్చేవాడు. పళ్లు తోముకునే బ్రష్షుతో ఒక్కో పెంకునూ పసిబిడ్డకు స్నానం చేయించినట్టు కడిగేవాడు.

"ఈ పట్నం కూడా వరదకే పోయిందా అమ్మా?" అని అడిగాడొకరోజు.

"అవును. కాకపోతే అప్పుడు నది తనంతట తనే వచ్చింది. గేట్లెత్తే వెధవలు లేరు."

ఆయన తల ఎత్తలేదు.

మ్యూజియం మళ్లీ తెరవడానికి వారం ముందు గుమస్తా ఆమె చెవిలో ఊదాడు.

"ఈయనెవరనుకున్నారు మేడమ్? డ్యాం మీద గేట్ల ఆపరేటరు!"

ఆమెకు ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం తేలనివ్వలేదు. ఆ వారమంతా ఆయనకు టీ కూడా తనే పోసిచ్చింది.

తెరిచిన రోజు, వరదలో తమవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లన్నిటినీ పేరుపేరునా పిలిచింది. ముసలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుని మరీ ఆయన్ని వేదిక ఎక్కించింది.

"మన ఇళ్లు ముంచింది ఈ చేతులే. బాగా చూసుకోండి!"

ఒకడు కాలరు పట్టుకున్నాడు. ఒకావిడ మొహాన ఉమ్మింది.

"నాకు చేతనైంది అంతేనమ్మా," అన్నాడాయన.

చిరిగిన చొక్కాతో మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

వరద వచ్చాక ఆ రోజే ఆమెకు అన్నం సయించింది.

అయినా కసి తీరలేదు. విచారణ అధికారి సాక్ష్యానికి పిలిస్తే ఆఫీసు తెరవకముందే వెళ్లి కూర్చుంది.

"ఆ ఆపరేటర్ని జైల్లో వేయించాలి సార్."

"ఆయన పోయిన వారమే చనిపోయాడమ్మా. గుండెపోటు."

"అంటే శిక్ష పడకుండా తప్పించుకున్నాడన్నమాట!" ఆమె పళ్లు కొరికింది.

అధికారి ఫైలు మూసి, ఆమె వంక వింతగా చూశాడు.

"శిక్ష వరద వచ్చిన రోజే పడిందమ్మా, ఉద్యోగం పీకేశారు. గేట్లు ఎత్తింది కంట్రోల్ రూం తలుపు పగలగొట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లు. మీ ఊరు గుట్ట ఎక్కేదాకా ఎత్తేది లేదని, పైవాళ్ల మాట కాదని, ఆ తలుపుకు గడియ వేసుకుని మూడు గంటలు లోపల కూర్చున్నది ఆయన."