చీలిన చెక్క

వానలు పడితే వాగు పొంగుతుంది. వాగు పొంగితే అవతలి ఒడ్డున తాబేలు పంతులుగారు నడిపే బడికి ఈత రాని పిల్లలు వెళ్ళలేరు. అందుకని అందరూ కలిసి పడవ చేసుకోమన్నారు పంతులుగారు.

ఎలుక చెక్కల్ని కొరికి సాపు చేసేది. వడ్రంగిపిట్ట ముక్కుతో చిల్లులు పొడిచేది. కుందేలు ఆ చిల్లుల్లో చెక్కమేకులు బిగించేది. పడవ పూర్తి కావస్తుండగా పిట్ట పోటు గట్టిగా తగిలి అడుగుచెక్క నిలువునా చీలిపోయింది.

"ఇంత కష్టమూ నీళ్ళపాలు చేశావు! పో ఇక్కణ్ణించి!" అని అరిచింది కుందేలు. పిట్ట ఎగిరిపోయింది.

మిగిలిన ఇద్దరూ కొత్త చెక్క తెచ్చారు కానీ చిల్లు పెట్టడం వాళ్ళ వల్ల కాలేదు. పైన మబ్బులు కమ్ముకొస్తున్నాయి.

"రెక్కలున్న దానికి పడవెందుకు? అయినా మనకోసం రోజూ వచ్చింది" అంది ఎలుక మెల్లగా.

కుందేలు మనసు చివుక్కుమంది. పిట్ట ఉండే మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తింది.

"నోరు జారాను, రావే!"

"మళ్ళీ చీలితే?" అంది పిట్ట కొమ్మ మీంచే.

"ఇంకో చెక్క వెతుకుదాం. ఈసారి కదలకుండా నేను పట్టుకుంటాను."

కుందేలు పట్టుకుంది, పిట్ట నిదానంగా పొడిచింది. చెక్క నిలిచింది.

వాగు పొంగిన రోజున పడవ నీళ్ళమీద ఊగుతూ తేలింది. అవతల పంతులుగారు మెడ సాచి చూస్తున్నారు. చినుకులు మొదలయ్యాయి.

"తడిసిపోతావు, నువ్వు ఎగిరి వెళ్ళిపోవే" అంది కుందేలు.

పిట్ట వచ్చి పడవ అంచు మీద వాలింది.

"కాస్త జరుగు" అంది.