ఒకటో తరగతిలో అల్లరి

ఉత్తరం వరమ్మ కొంగుముడిలో వచ్చింది.

"పెద్ద టీచరమ్మ ఇచ్చింది. ఏటి రాసిందో సూడు," అంటూ కొడుకు చేతికిచ్చింది.

స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో డ్యూటీ దిగి వచ్చిన మురళీధర్ సైకిలుకి స్టాండు వేసి, గుమ్మంలోనే విప్పి పైకి చదివాడు. అతని భార్య ఇందుమతి చంటిపిల్లని ఎత్తుకుని వంటింట్లోంచి వచ్చింది.

'తరగతి జరుగుతుండగా గొంతెత్తి పాడటం. అడక్కుండా లేచి బయటికి వెళ్ళిపోవడం. పాఠం మధ్యలో తినడం. మధ్యాహ్నం బెంచీ మీద పడుకోవడం. టీచరు చేతిలోంచి బెత్తం లాక్కోవడం. నిన్న బలరాం అనే పిల్లాడి చెవి మెలిపెట్టడం. చాలాసార్లు చెప్పి చూశాం. సోమవారం మీరిద్దరూ ఒకసారి రండి.'

ఇందుమతి అక్కడే చతికిలబడిపోయింది.

వాళ్ళ కొడుకు శ్యామసుందర్‌కి ఆరేళ్ళు. పిలిస్తే తిరిగి చూడడు. ఏదైనా అడిగితే ఆ మాటే మళ్ళీ మనకి అప్పజెబుతాడు. ప్లాంటు సైరను మోగితే చెవులు మూసుకుని మంచం కిందకి దూరిపోతాడు. ఇంట్లో చెప్పులన్నీ వరసగా పేరుస్తాడు. ఒక్కటి కదిపితే చాలు, వీధి చివరి క్వార్టరు దాకా వినిపించేలా ఏడుస్తాడు.

దీనికో పేరుంటుందని 1978లో భిలాయి సెక్టర్ టూలో ఎవరికీ తెలీదు. "జిద్దీ హై," అని మొండివాడి కింద జమకట్టారు పక్కవాళ్ళు. పెద్దయితే సర్దుకుంటాడన్నాడు డాక్టరు. మూడు బళ్ళు వద్దన్నాయి. అందులో ఒక బడి అరగంటకే వెనక్కి పంపేసింది.

నాలుగో బడి హెడ్ మిస్ట్రెస్ జ్ఞానప్రసూన విజయనగరం ఆవిడ. పిల్లాణ్ణి చాలాసేపు చూసి, "చేర్చుకుంటాను. కానీ కొన్నాళ్ళు ఇంట్లోవాళ్ళు ఎవరైనా పక్కన కూర్చోవాలి," అంది. ఇందుమతి చంటిపిల్లని వదిలి రాలేదు. మురళీధర్‌కి షిఫ్టులు. అందుకని వరమ్మ వెళ్తోంది. నాలుగు నెలలుగా అంతా బాగానే ఉందనుకున్నారు.

"పక్కనే ఉంటావు కదమ్మా! ఇంత జరుగుతుంటే ఒక్క మాటైనా చెప్పవా?" అన్నాడు మురళీధర్.

వరమ్మ కుచ్చిళ్ళు సర్దుకుంది. "నా మనవడు బంగారం. ఆడేటీ సెయ్యనేదు."

"మరి బెత్తం సంగతి?"

"పసిపిల్లల్ని కొడితే ఎవులికైనా కోపం రాదేటి?"

"ఆ చెవి మెలిపెట్టడం?"

"ఆ బలరాంగాడు శ్యామూని పాగల్ అన్నాడు. సెవి ఊడొచ్చీసిందేటి ఇప్పుడు?" అని వరమ్మ విసురుగా పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఈవిడ గారాబమే కొంప ముంచిందనుకున్నారు మొగుడూ పెళ్ళాలు.

శని, ఆదివారాలు ఇందుమతి కొడుకుని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"బళ్ళో పాడకూడదు."

"పాడకూడదు," అన్నాడు శ్యామూ, గోడకేసి చూస్తూ.

"బెత్తం లాక్కోకూడదు."

"లాక్కోకూడదు."

చెబుతోందే గానీ ఆమె మనసు మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వీడు పాడతాడా? ఇంట్లో ఒక్కనాడూ కూనిరాగమైనా తీయలేదే! కోపం తెచ్చుకోవాల్సిన చోట లోపల్లోపల సంతోషమేసింది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

సోమవారం మురళీధర్ సెలవు పెట్టాడు. మోకాళ్ళ నొప్పులని వరమ్మ మంచం దిగలేదు. చంటిపిల్లని ఆమె పక్కలో పడుకోబెట్టి, ఇద్దరూ శ్యామూని తీసుకుని బయల్దేరారు.

బడి గేటు దాటగానే శ్యామూ తండ్రి చెయ్యి వదిలేశాడు. తిన్నగా వెళ్ళి రెండో బెంచీలో కూర్చున్నాడు. పక్కనున్న పాప అలవాటుగా జరిగి చోటిచ్చింది. మురళీధర్ కిటికీ దగ్గరే ఆగి చూశాడు. ఇవాళే ఆఖరేమో.

"మెల్లగా నేర్పుకుంటాం మేడం," అన్నాడు హెడ్ మిస్ట్రెస్ గదిలో, కూర్చోకుండానే. "ఇక్కడా కాదంటే మాకింకెక్కడా లేదు."

"సంచీ తనే తగిలించుకుంటున్నాడండీ. నిన్న ఆదివారం, అయినా తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు," అంది ఇందుమతి కళ్ళొత్తుకుంటూ.

జ్ఞానప్రసూన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నలభై మందిని పట్టగలుగుతున్నాను. ఈ ఒక్కరినీ పట్టడం నా వల్ల కావట్లేదు. పాఠం మొదలెడితే చాలు, క్లాసంతా అటే చూస్తుంది. పోనీ కదాని మూడుసార్లు ఊరుకున్నాను."

"ఇంకొక్క అవకాశం..."

"లేదండీ. రేపటి నుంచి పంపకండి."

ఇందుమతి బావురుమంది.

"సరే మేడం. వెళ్ళి పిల్లాణ్ణి తీసుకొస్తాను," అని మురళీధర్ గుమ్మం వైపు కదిలాడు.

జ్ఞానప్రసూన తెల్లబోయింది.

"పిల్లాణ్ణెందుకండీ, వాడు శుభ్రంగా ఉన్నాడు, వాడికిప్పుడు ఎవరి తోడూ అక్కర్లేదు, నేను బడి మాన్పించమంటున్నది మీ అమ్మగారిని!"