పదహారు నిండిన పిల్ల

తలుపు తీయగానే అనురాధకు ఎదురుగా ఓ తెల్ల ముసలాయన కనిపించాడు.

తెలిసిన మొహం కాదు. వానలో తడిసి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

“శ్రావ్య ఉందా అమ్మా?” అన్నాడు ఇంగ్లీషులో.

అనురాధ తలుపు సగం మూసి పట్టుకుంది. ఐర్లండ్ వచ్చి, ఈ నేవన్ ఊళ్లో కాపురం పెట్టి మూడేళ్లయింది. తలుపు కొట్టేది పోస్టు మనిషి, లేదంటే దేవుడి గురించి చెప్పడానికి వచ్చేవాళ్లు. కూతుర్ని పేరు పెట్టి అడిగినవాళ్లు ఇంతవరకు లేరు.

“ఎందుకు?”

“ఆమెకు పదహారు నిండాయి కదా!” అంటూ నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండింది. ఈడొచ్చిన పిల్ల వయసు వీడికెలా తెలుసు?

ఆయన ఇంకేదో చెప్పబోతుంటే, మొహం మీదే తలుపు వేసేసింది.

“హూ వాజ్ దట్, మమ్?” మేడ మీద నుంచి శ్రావ్య కేకేసింది. అప్పుడే బడి నుంచి వచ్చింది.

“ఎవరూ కాదు. నువ్వు కిటికీ దగ్గరికి రాకు.”

సాయంత్రం డబ్లిన్‌లో ఆఫీసు ముగించుకుని వచ్చిన భర్త దేవదాసు సంగతంతా విన్నాడు.

“గార్డులకి చెబుదామా అండీ?” అంది అనురాధ. గార్డులంటే ఆ దేశపు పోలీసులు.

“నీకేమైనా పిచ్చా? ఆడపిల్ల పేరు మనమే తీసుకెళ్లి పోలీసులకి ఇస్తామా? రేపు పెళ్లి కావాల్సిన పిల్ల!”

పోలీసులంటే దేవదాసుకు అంత భయం. ఏటా వీసా ముద్ర కోసం భార్యతో స్టేషన్‌కు వెళ్లినా, అడిగినదానికి బదులిచ్చి బయటపడేవాడు. ఎదురు ఒక్క ప్రశ్న అడిగేవాడు కాదు. వచ్చిన కొత్తలో వాళ్లు “చిన్నపిల్లకి ముద్ర అక్కర్లేదు” అన్నారు. పెద్దయ్యాక ఏం చేయాలో అడగాలని మహానుభావుడికి తోచనే లేదు.

“మళ్లీ వస్తే పిల్ల ఇండియా వెళ్లిపోయిందని చెప్పెయ్. పీడా పోతుంది” అన్నాడు.

వారం తిరక్కుండానే ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి గేటు అవతలే ఆగాడు.

“భయపడకండమ్మా. పాపను ఒక్కసారి ఊళ్లోకి తీసుకురండి చాలు. నేను దగ్గరుండి...”

“పాప లేదు. ఇండియా వెళ్లిపోయింది.”

“మళ్లీ ఎప్పుడొస్తుంది?”

“ఇక రాదు.”

ఆయన మొహం చిన్నబోయింది.

“అయ్యో, ఇక్కడ బాగా చదువుకుంటోందని విన్నానే. సరేలెండి, గ్రాండ్. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.” పర్లేదు అనడానికి ఆ దేశంలో గ్రాండ్ అంటారు.

ఇక రాలేదు. అనురాధ కూతురికి ఎండుమిరపకాయలతో దిష్టి తీసి, ఆ పొగకు ఇంట్లో అలారం మోగితే కిటికీలన్నీ తెరిచి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అది 2004. ఊరి చుట్టూ పొలాల్లో చూస్తుండగానే ఇళ్లు లేస్తున్న రోజులు. అందరిలాగే దేవదాసు కూడా తలకు మించిన అప్పు చేసి ఒకటి కొన్నాడు.

రెండేళ్లు గడిచాయి. శ్రావ్యకు లిమరిక్‌లో ఇంజనీరింగ్ సీటొచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ పిల్ల కోరుకున్న చదువు అదొక్కటే.

ముగ్గురూ కారులో వెళ్లారు. కాలేజీ ఆఫీసులో ఒకావిడ పాస్‌పోర్టు తిరగేసింది.

“గత మూడేళ్లూ అనుమతితో ఈ దేశంలో ఉన్నవాళ్లకే ఇక్కడి ఫీజు సార్. మీ అమ్మాయికి అసలు ముద్రే లేదు.”

“ఐదేళ్లుగా ఇక్కడి బళ్లోనే చదివింది కదండీ!”

“చదివింది, కాదనను. కానీ పదహారు నిండగానే గార్డుల దగ్గర పేరు నమోదు చేయించాలి. చేయించలేదు కాబట్టి, అప్పట్నుంచీ అనుమతి లేకుండా ఉన్నట్టే. బయటి దేశాల పిల్లల ఫీజు కట్టాల్సిందే.”

ఆ ఫీజు ఎంతో విని దేవదాసు పాస్‌పోర్టు వెనక్కి తీసుకున్నాడు. ఇల్లు అమ్మినా ఆ డబ్బు బ్యాంకుదే.

“ఇట్స్ గ్రాండ్, డాడ్. ఐ విల్ గెట్ ఎ జాబ్” అంది శ్రావ్య. కారెక్కాక కాలేజీ కాగితాలు మడతపెట్టి సంచిలో పెట్టేసింది.

మర్నాడు భార్యాభర్తలు గార్డుల స్టేషన్‌కు పరిగెత్తారు.

కిటికీ వెనకున్న గార్డు కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఈ అమ్మాయి దేశం విడిచి వెళ్లిపోయిందని ఉందే!”

“ఎవరు చెప్పారు?” అన్నాడు దేవదాసు.

“మీరేనట. మా సార్జెంటుతో చెప్పారట. రెండుసార్లు మీ ఇంటికి వచ్చారు కదా?”

“మా ఇంటికి పోలీసులెవ్వరూ రాలేదు!” అనేసింది అనురాధ.

అనేశాక ఆమెకు వానలో తడిసి నిలబడ్డ ఆ ముసలాయన గుర్తొచ్చాడు. భర్త చేయి గట్టిగా పట్టుకుంది.

“ఏవండీ, ఆయన్ని ఒక్కసారి పిలవమనండి. కాళ్లు పట్టుకుంటాను. పిల్ల ఇక్కడే ఉందని, అబద్ధం ఆడింది నేనేనని చెప్పుకుంటాను. ఆయన ఓ మాటంటే కాలేజీవాళ్లు వింటారేమో, అడగండీ!”

దేవదాసు తడబడుతూ అడిగాడు.

“వినేవాళ్లే. ఇలాంటి పిల్లల కోసం కాలేజీలకు తనే వెళ్లి పోట్లాడేవారు” అన్నాడు గార్డు. “మొన్న ఈస్టర్‌కు ముందే పోయారు.”

అనురాధ ఏడుస్తూ బల్ల మీద తల వాల్చేసింది. ఆ గార్డు మెల్లగా అన్నాడు.

“యూనిఫాంలో వస్తే మీవాళ్లు హడలిపోతారని, ఇరుగుపొరుగు ముందు మీ పరువు పోకూడదని, డ్యూటీ దిగాక మామూలు బట్టలేసుకుని మరీ మీ తలుపు కొట్టింది ఆయనేనమ్మా.”