ఒక్క లైను

"వైఫై కార్డు ఉన్నాదమ్మా. సిస్టమ్‌కి అగుపడతన్నాది. గానీ నెట్ పట్టుకోదు," అని రిపేరు షాపు ధనరాజు లాప్‌టాప్ మూసేశాడు.

"పోనీ, వేరే కార్డు వేసేయండి," అంది ఈశ్వరి.

"అదే తంటా. ఈ మోడల్‌కి ఇంకో కార్డేస్తే అసలు మొదలవదు."

"ఫోన్ వైరుతో?"

"యూఎస్‌బీలు రెండూ పోనాయి కదమ్మా. విండోస్ ఎక్కిద్దామంటే ఇంత పాతదాన్లో నడవదు. ఈ లినక్స్ గురించి నాకు తెలిసింది ఇంతే. అట్టుకెళ్లిపో."

విజయనగరం నుంచి నెల్లిమర్ల దాకా ఆటోలో ఆమె లాప్‌టాప్‌ను ఒళ్లోనే పెట్టుకుంది. సోమవారం పదింటికి ఆన్‌లైన్ పరీక్ష. పాసైతే ఇంట్లో కూర్చుని టైపు చేసే ఉద్యోగం. కానీ పరీక్ష సొంత కంప్యూటర్లోనే రాయాలి, ఫోన్లో కుదరదు. గోనె సంచులు కుట్టే చోట దుమ్ముకు దగ్గు పట్టుకుని ఏడాదైంది. డాక్టరు ఆ పని మానేయమన్నాడు. మానేస్తే అత్తా కోడళ్లిద్దరూ ఏం తినాలో ఆయన చెప్పలేదు.

ఆ లాప్‌టాప్ భర్త సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. అతను చనిపోయాక బీరువా మీదే ఉండిపోయింది. నెల కిందట తెరిస్తే హార్డ్ డిస్క్ పాడైపోయి ఉంది. ధనరాజే వేరేది వేసి, లినక్స్ ఎక్కించాడు. అప్పట్నుంచీ ఈ వైఫై గోల.

గుమ్మంలో బియ్యం ఏరుతున్న బుల్లమ్మ తలెత్తింది. "ఏటయ్యింది?"

"అవలేదత్తా."

ఆదివారం పొద్దుటి నుంచీ ఈశ్వరి ఫోన్లో వెతికింది. తెలుగువాళ్లు లినక్స్ కష్టాలు చెప్పుకునే సైటొకటి దొరికింది. అందులో ఒక పాత పోస్టు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

"అత్తా! అచ్చం మన మోడలే. కార్డు నంబరు కూడా అదే!"

'పిచ్చుక' అనే పేరుతో ఎవరో పదకొండు రోజుల పాటు తన తిప్పలు రాసుకున్నాడు. ఇలా చేశాను, రాలేదు. అలా చేశాను, రాలేదు. అతను చేసినవన్నీ ఈశ్వరి ఒక్కొక్కటే చేసింది. ఆమెకూ రాలేదు. ఆరో రోజు అతను "దీన్ని నూతిలో పడేస్తాను" అని రాశాడు. అంత దిగుల్లోనూ ఆమెకు నవ్వొచ్చింది.

పదకొండో రోజు ఇలా ఉంది: "వచ్చేసింది! ఒక్క లైను మార్చాలంతే. డ్యూటీకి వేళయింది. ఏ లైనో రేపు వివరంగా రాస్తాను."

ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఒక్క మాట లేదు. ఏ లైను అని కింద ఏడుగురు అడిగారు. జవాబు లేదు.

"ఏ లైనో సెప్పకుండానే ఎల్లిపోనాడా?" అంది బుల్లమ్మ.

"తన పని అయిపోయింది కదత్తా. ఇంకెందుకు రాస్తాడు?"

"ఆడి సేతులు పడిపోనూ! ఒక్క ముక్క రాస్తే ఆడి సొమ్మేటి పోతాది? ఇలాటోడ్ని కన్న తల్లిని అనాల!"

ఈశ్వరికీ కోపం ఆగలేదు. "మీకు వచ్చేసింది, చాలు. మిగతావాళ్లు ఏమైపోతే మీకేం?" అని ఆ పోస్టు కిందే రాసేసింది.

గంట తర్వాత ఆ సైటు నడిపే విశ్వనాథ్ జవాబిచ్చాడు. "అలాంటి మనిషి కాదండీ. అడిగినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పేవాడు. ఎందుకు మానేశాడో నాకూ తెలీదు. మెయిళ్లు పెట్టినా పలకలేదు."

"రేపు పదింటికి నా పరీక్షండి. ఎలాగైనా ఆయన్ని అడగండి," అని రాసింది ఈశ్వరి. ఆపైన తన దగ్గు గురించీ, సంచుల పని గురించీ, ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పకూడనివన్నీ చెప్పేసింది.

చాలాసేపటికి ఆమె ఒక్కదానికే కనిపించేలా ఇంకో సందేశం వచ్చింది. "సైటులో చేరినప్పుడు ఆయన ఇచ్చిన ఫోన్ నంబరుంది. మామూలుగా ఎవరికీ ఇవ్వను. మీ అవసరం చూసి ఇస్తున్నాను. చేసి చూడండి."

"దొరికాడత్తా!"

బుల్లమ్మ బియ్యం చేట పక్కకు నెట్టి దగ్గరికి జరిగింది. "స్పీకరెట్టు. నానే అడుగుతాను ఆడ్ని."

ఈశ్వరి ఆ నంబరు మీద వేలు నొక్కింది.

తెర మీద 'మా ఆయన' అని వచ్చింది.