కుందేలవ్వ గాలికొండ ప్రయాణం

"గాలికొండ మీద గడ్డిపూలు పూసె, అక్కకొకటి, నాకొకటి…" ఆపైన పాట కుందేలవ్వకి గుర్తు రావడం లేదు. మిగతాది కొండమీదున్న అక్కకే తెలుసు. ఇద్దరూ ముసలివాళ్లయిపోయారు.

"ఏ కాలంలో వెళితే మంచిదిరా?" అని ఏటా అడిగినట్టే కొండమేకని అడిగింది.

"ఎండల్లో దుమ్ము, వానల్లో జారుడు, చలికాలం చెవులు కోసే గాలి. గాలి ఆగే నెలంటూ లేదవ్వా! కార్తీకంలో మా మంద కొండెక్కుతుంది. ముసలివాళ్లని నడిమిన పెట్టుకుని నడుస్తాం. అప్పుడు రా. ఆ చెవులు మాత్రం దించుకో!" అని నవ్వింది మేక.

కార్తీకంలో కుందేలవ్వ మేకల కాళ్ల నడుమ నడిచింది. దారంతా గాలి కొడుతూనే ఉంది. పైకి చేరగానే అక్కని పాట అడిగింది.

"నేనూ మరిచిపోయానే చెల్లీ. ముందిలా నా వెనక కూచో, గాలి తగలదు."