తప్పు ఏ తుపాకీది?

"ఇదీ పనికిరాదు!" అంటూ లాయిడ్ రెండో రైఫిల్‌ని బల్ల మీద పడేసినంత పని చేశాడు.

వెర్లిన్ హాడ్జ్‌కి ఒళ్లు మండింది. అమెరికాలోని ఐడహోలో ఈ తుపాకుల కొట్టు పెట్టి ముప్పై ఏళ్లయింది. ఎవరూ ఇన్ని వంకలు పెట్టలేదు. తన ఊళ్లో కొట్లే లేనట్టు రెండు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడీ పెద్దమనిషి. జింకల వేటకి మంచి సెమీ ఆటోమేటిక్ కావాలన్నాడు. పొద్దుట్నించీ ఒక్కో కంపెనీదీ దింపించి, కొట్టు వెనక మైదానంలో కాల్చి చూస్తూనే ఉన్నాడు.

"హార్లన్ కంపెనీది ఇస్తే గొట్టం బాగాలేదన్నారు. సరే. కెస్ట్రల్‌కి ఏమొచ్చింది సార్?"

"ఏమొచ్చిందా? గురికి పెట్టిన ఆ అట్ట చూడండి! అయిదు తూటాలూ అయిదు ఊళ్లకి పోయాయి." లాయిడ్ గొంతు తగ్గింది. "తుపాకీ తప్పే కదండీ? మీరే చెప్పండి."

అడిగినట్టు లేదు, అవునని చెప్పమని బతిమాలినట్టుంది.

వెర్లిన్ అదే కెస్ట్రల్ అందుకుని కూర్చుని అయిదు సార్లు పేల్చాడు. వంద గజాల అవతల్నించి అట్ట తెచ్చి ముందు పెట్టాడు. అయిదు చిల్లుల్నీ బొటనవేలితో మూసేయొచ్చు.

"పాపం, ఇదేం చేసిందండీ?"

లాయిడ్ మొహం పాలిపోయింది. "అయితే ఆ బ్లాక్‌మెసా ఇవ్వండి. అన్నిటికన్నా గురి దానిదేనన్నారుగా."

"ఇదే ఆఖరిది. దీన్నీ తిట్టారంటే ఇంక విల్లూ బాణాలూ ఇవ్వాల్సిందే!"

ఈసారి వెర్లిన్ అట్ట వైపు చూడలేదు, మనిషినే చూశాడు. తుపాకీ గొట్టం ఇసక మూట మీద కుదురుగానే ఉంది. ట్రిగ్గర్ మీద వేలు మాత్రం వణుకుతోంది. ఒకసారి కాదు, అయిదు సార్లూ వణికింది. వెర్లిన్ కోపం ఎటు పోయిందో పోయింది, జాలేసింది.

"ఎప్పట్నించి సార్ ఇలా?"

"ఏది?"

"చెయ్యి."

లాయిడ్ గబుక్కున చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "పొద్దున కాఫీ ఎక్కువైంది."

"మా నాన్నా ఇలాగే అనేవాడు. ఏడాదిపాటు తుపాకులు మార్చాడు పిచ్చాయన."

లాయిడ్ జేబులోంచి చెయ్యి తీసి చూసుకున్నాడు. "అంటే... తుపాకులది కాదన్నమాట."

"కాదండీ." వెర్లిన్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "దానికింత దిగులెందుకు? గురి తప్పితే ఓ జింక బతికిపోతుంది, అంతేగా! ఎవరి కొంపా మునగదు."

లాయిడ్ నవ్వలేదు. మూడు అట్టల్నీ మడిచి కోటులో పెట్టుకున్నాడు.

"మీ ఫోన్ ఒకసారి ఇస్తారా? నాదానికిక్కడ సిగ్నల్ లేదు. ఆస్పత్రికి చెయ్యాలి."

"అదీ మాట! ఇలాంటివి నానబెట్టకూడదు." వెర్లిన్ సంతోషంగా ఫోన్ అందించాడు. "వాళ్లు ఎప్పటికి రమ్మంటారో ఏమో."

"రేపు పొద్దున ఎనిమిదింటికే రమ్మన్నారు."

"అబ్బో! ఇంత తొందరగా దొరికాడా డాక్టరు?"

"చూపించుకోడానికి కాదండీ." లాయిడ్ నంబర్ నొక్కబోయాడు, వేలు పక్క అంకె మీద పడింది. మళ్లీ మొదట్నించి నొక్కాడు. "రేపు ఓ ఆరేళ్ల పాప గుండెకి ఆపరేషన్. వేరే డాక్టర్ని చూసుకోమని చెప్పాలి. అక్కడ కత్తి పట్టాల్సింది ఈ చెయ్యే."